చేతకాని చెయ్యి తీసిన వంద గింజలు

యాదృచ్ఛికం అన్న మాటను పదకొండేళ్ళుగా నల్లబోర్డు మీద రాస్తున్నాను. అందులోని 'చ్ఛి'ని తప్పు లేకుండా రాయడం తప్ప దాని గురించి నాకు తెలిసింది పెద్దగా ఏమీ లేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. గద్వాలలో ఒక డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. రెండో సంవత్సరం పిల్లలకు గణాంకశాస్త్రం ఒక పేపరు. అర్థశాస్త్రంలో అప్పటిదాకా అర్థమైన కాస్తా ఆ పేపరుతో పోతుందని పిల్లలంటారు. చదువుకునే రోజుల్లో నేనూ అదే అనేవాణ్ణి. ఇప్పుడు జీతం తీసుకుంటున్నాను కనుక అనను.

మాది అమరచింత. పొద్దున్నే జూరాల కట్ట మీదుగా పోయే బస్సెక్కి గద్వాలకు వస్తాను. సీటు దొరుకుతుందా దొరకదా అన్న దగ్గర మొదలయ్యే నా సంభావ్యతా పాఠం, సాయంత్రం మళ్ళీ అదే ప్రశ్న దగ్గర ముగుస్తుంది. క్లాసులో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే నాణెం ఎగరేసి, "బొమ్మ పడుతుందా, బొరుసు పడుతుందా?" అని అడిగేవాణ్ణి. ఒకసారి వెనుక బెంచీ నుంచి జవాబొచ్చింది. "సార్, ఇప్పుడు నాణేలు ఎవరి దగ్గరున్నయి? అంత ఫోన్లనే కొడుతున్నం గద." ఆ రోజుతో నా నాణెం చెల్లకుండా పోయింది.

నమూనా పాఠానికి వచ్చేసరికి నాణెం అక్కర లేదు. మన దగ్గర సామెతే ఉంది కదా. అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే కుండంతా తినక్కరలేదు, ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. ఏటా ఆ మాట చెప్పగానే పిల్లలు తలలూపుతారు, నేను సుద్దముక్క కింద పెడతాను, గంట మోగుతుంది. ఆ ఏడు మాత్రం గంట మోగకముందే కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, మెతుకు పైన తీస్తరు. అడుగున మాడితే ఎట్ల తెలుస్తది?"

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. జవాబు తెలియనప్పుడు నవ్వడం మా వృత్తిలో పాత పద్ధతి.

ఆ అమ్మాయి పూల కాలంలో రోజూ మొదటి గంటకు ఆలస్యంగా వచ్చేది. వేళ్ళ కొసలకు పసుపు పచ్చని పుప్పొడి ఉండేది. గద్వాల చుట్టుపక్కల కంపెనీలకు విత్తనం కోసం సీడు పత్తి పండించే ఇళ్ళల్లో అది మామూలే. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలను ఒక్కొక్కటిగా విప్పి అందులోని మగ భాగం గిల్లేస్తారు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ మొగ్గకు రాస్తారు. దాన్ని క్రాసింగ్ అంటారు. రెండు నెలలకు పైగా, వేల పువ్వులకు, ఒక్క పూట తప్పకుండా చేయాలి. ఆమె తండ్రి హైదరాబాదులో కట్టడం పనికి పోయాడు. చేను మొత్తం తల్లీ కూతుళ్ళదే.

గంట మోగాక ఆమె స్టాఫ్ రూముకు వచ్చింది. అసలు సంగతి అప్పుడు తెలిసింది. పత్తి తీయడం అయిపోయింది, జిన్నింగ్ పట్టించి దూది, గింజ వేరు చేయడం అయిపోయింది, గింజలు ఇంట్లో కుప్పగా ఉన్నాయి. వచ్చే వారం గడిచి ఆపై గురువారం కంపెనీ తరఫు మనిషి వచ్చి ఆ కుప్పలోంచి ఒక కవరు నిండా గింజలు తీసుకుపోతాడు. అందులో వంద మొలకేసి చూస్తారు. డెబ్బై ఐదుకు తక్కువ మొలిస్తే కుప్ప మొత్తం ఫెయిల్. అప్పుడది విత్తనం కాదు, నూనె మిల్లుకు పోయే మామూలు గింజ. ఏడాదిలో ఆ తల్లి ముట్టుకున్న పువ్వులన్నీ ఆ ఒక్క కవరు మీద ఆధారపడి ఉన్నాయి.

"మా అమ్మ మూడు సార్లు మొలకేసి చూసింది సార్. తొంభై ఆరు, తొంభై ఏడు, మల్ల తొంభై ఆరు."

"ఇంకేం? బ్రహ్మాండం."

"కానీ సార్, జాలాడి రాయి పక్కన, గిన్నెలు తోమే నీళ్ళు పోయే కాడ, కాలు తగిలి కొన్ని గింజలు ఒలికినయి. గవి శాన తక్కువ మొలిసినయి. మా అమ్మేమో కోళ్ళు గెలికినయి, చీమలు కొట్టినయి అంటది. దేన్ని నమ్మాలె?"

నేను కుర్చీలో వెనక్కి వాలాను. వాలినప్పుడల్లా నేను తప్పు చెబుతానని మా ఇంట్లో వాళ్ళకు తెలుసు గానీ పాపం ఆ పిల్లకు తెలియదు. లెక్కపెట్టి, వంద తీసి, మూడు సార్లు చేసినది శాస్త్రమనీ, రాయి పక్కన ఒలికినది చెత్త అనీ, చెత్తతో శాస్త్రాన్ని కొట్టెయ్యకూడదనీ చెప్పాను. ఆమె తలూపింది. నమ్మిన తలూపు కాదది. "సరే సార్. మా అమ్మ గూడ గట్లనే అంటుంది. ఇంత మంచిగున్నంక ఈ ఏడు ఏరుడెందుకు, గట్లనే ఇచ్చేద్దమంటుంది" అంది.

మామూలుగా గింజలు ఇచ్చేముందు కుప్ప ముందర కూర్చుని, లోపల పప్పు లేని తాలు గింజలను చేత్తో ఏరి పారేస్తారు. తొంభై ఆరు వచ్చిన ధైర్యంతో ఈసారి ఆ పని మానుకున్నారన్నమాట. ఆ ధైర్యానికి నేనూ ఒక సంతకం పెట్టి పంపాను. బస్సులో అమరచింత చేరేసరికి ఆ సంతకం మనసులో గుచ్చుకోవడం మొదలైంది. ఆదివారం ఆటో మాట్లాడుకుని వాళ్ళ ఊరికి పోయాను.

ముందు గదిలో పట్టా పరిచి దాని మీద గింజల కుప్ప. నూగు పోని పత్తి గింజలు బూడిద రంగులో, ఎలుక పిల్లల్లా ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. అమ్మాయి తల్లి కుప్ప పక్కనే కూర్చుని ఉంది. నా వయసే ఉంటుంది, ఒకటి రెండేళ్ళు పెద్దేమో.

"రాండ్రి సారూ, కూసోండ్రి. నా బిడ్డ మీ దగ్గర సదువుతుందా, లేకుంటే మిమ్మల్నే సదివిస్తుందా?"

"రెండోదే అక్కా. అందుకే ఆదివారం గూడ బడికి వచ్చిన."

ఆమె పకపకా నవ్వి, నేను అడక్కుండానే నాలుగోసారి వంద గింజలు తీసి చూపిస్తానంది. తడిగుడ్డ పక్కన పెట్టుకుంది. కుప్పలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, బొటనవేలితో ఒక్కొక్క గింజను గుడ్డ మీదికి తోస్తూ లెక్కపెట్టసాగింది. మాట మాత్రం నాతోనే. వానలు ఎప్పుడు పడ్డదీ, చివరి తీతకు చెట్లు ఎట్లా ఎండిపోయిందీ, కూతురు పెళ్ళి మాట ఎత్తితే పుస్తకం ఎట్లా అడ్డం పెట్టుకుంటుందీ, అన్నీ చెబుతోంది. చూపు నా మీద, వేళ్ళు గింజల మీద.

నేను ఆ వేళ్ళనే చూస్తున్నాను. పిడికిట్లోంచి ఒక గింజ గుడ్డ మీదికి పోతే, ఇంకోటి వేళ్ళ సందునుంచి జారి కుప్పలోకి పోతోంది. సందు దొరికిన నీళ్ళలా, చప్పుడు లేకుండా.

"అక్కా, ఇప్పుడొక గింజ కింద పడేస్తిరి కద, ఎందుకు?"

"ఏది? నేనేం పడెయ్యలే."

"ఇగో, ఇప్పుడు మల్ల ఒకటి."

"యాడ సారూ? నేను లెక్కవెడుతున్న గద." ఆమె నిజంగానే చెయ్యి తిప్పి చూసుకుంది.

అప్పుడు నేను మర్యాద మరచి నా దోసిలి ఆమె చేతి కింద పట్టాను. "మీరు కానియ్యండి" అన్నాను. ఆమె ఇరవై గింజలు లెక్కపెట్టేలోగా నా దోసిట్లో తొమ్మిది పడ్డాయి. ఆ తొమ్మిదిని కూతురు ఒక్కొక్కటే పంటికింద పెట్టి కొరికింది. టప్పు టప్పుమని చిట్లాయి. ఎనిమిదింట్లో పప్పు లేదు. ఉత్త పొట్టు.

పాతికేళ్ళుగా గింజలేరిన వేళ్ళవి. నూగు కప్పిన గింజలో పప్పుందో లేదో, కంటితో చూడకుండా, నలపకుండా, రవ్వంత బరువుతో పసిగట్టి, యజమానురాలి అనుమతి కూడా అడక్కుండా తాలును వదిలేస్తున్నాయి. చేయి తిరగడమంటే ఇదే. నాకు తిరిగేది తల ఒక్కటే. ఆమె మూడుసార్లు తీసిన మూడు వందలూ ఆ కుప్పలోవే, కానీ ఆ కుప్పవి కావు. ఆమె వేళ్ళకు నచ్చిన గింజలవి. నేను శాస్త్రమన్నది ఆమె నైపుణ్యాన్ని కొలిచింది. చెత్త అన్నది, కాలు తగిలి ఎవరి ప్రమేయం లేకుండా ఒలికినది, అదే నా పుస్తకంలోని 'చ్ఛి' ఉన్న మాటకు దగ్గరగా ఉంది.

"అంటే నా చెయ్యే నన్ను మోసం చేసిందా సారూ?" అందామె నెమ్మదిగా.

"మోసం కాదక్కా. మంచి చెయ్యి. కాకపోతే ఈ పనికి మంచి చెయ్యి పనికిరాదు."

"మరి ఎసుంటిది కావాలె?"

చేతకాని చెయ్యి కావాలి. ఆ సంగతి పైకి చెప్పక ముందే కూతురు నా చేతుల వంక చూసింది.

నన్ను వంద తీయమన్నారు. నాకు గింజ తెలియదు, నిజమే. కానీ కళ్ళున్నాయి కదా, అవి బొద్దుగా ఉన్నవాటి మీదికే పోయాయి. "సారూ, మీరు గూడ పెండ్లిచూపులే చూస్తున్రు" అంది తల్లి. కళ్ళు మూసుకుంటే వేళ్ళు పెద్ద గింజల మీద ఆగాయి. ఇక కూతురి చేతులు తల్లి చేతులే, చిన్నప్పటి నుంచి అదే కుప్ప దగ్గర పెరిగినవి. మా క్లాసులో సగం మందివి అట్లాంటి చేతులే. మనిషి ఎంచుకున్నంత సేపూ ఎంపికే జరుగుతుంది. ఎంచుకోకుండా ఉండాలంటే దానికొక పద్ధతి కావాలి.

ఆ పద్ధతి నా పుస్తకంలో నూటముప్పయ్యో పేజీ దరిదాపుల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పరీక్షలో రాదు కనుక ఏటా దాటేసేవాణ్ణి. సోమవారం క్లాసుకు దాటకుండా చెప్పాను. ఆ మధ్యాహ్నమే నలభై రెండు మంది పిల్లలు, కొందరు రెండు ఆటోల్లో ఇరుక్కుని, మిగిలినవాళ్ళు బండ్ల మీద, ఆ ఇంటికి వచ్చారు. కుప్పను పారతో అటూ ఇటూ మూడు సార్లు తిరగేశాం. అడుగు పైకి, పై అడుక్కి. ఒక్కొక్కరు ఒక స్టీలు చెంబు ముంచి, తీసిన గింజలను కాగితం మీద గుండ్రంగా పరచాలి. రొట్టెను కోసినట్టు నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయాలి. మిగిలినవి కలిపి మళ్ళీ పరచి మళ్ళీ తీసేయాలి. చివరికి మిగిలినదాన్ని ఒక వరుసలో పెట్టి, ఒక చివర నుంచి వంద. ఏ గింజనూ దాటకూడదు, ఏ గింజనూ ముద్దు చేయకూడదు.

"సార్, గిది సచ్చి కనబడుతుంది, తీసెయ్యాల్నా?"

"వద్దు. సచ్చిందో బతికిందో చెప్పడానికి నువ్వెవరు? తడిగుడ్డ చెబుతది."

తల్లి గడప మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. ఒక్కొక్కసారి ఆమె చెయ్యి తనకు తానే కాగితం మీదికి సాగేది. కూతురు ఆ చేతిని పట్టుకుని ఒళ్ళో పెట్టేది.

నలభై రెండు తడిగుడ్డల చుట్టలు, మీద రోల్ నంబర్లు, ప్లాస్టిక్ బకెట్లలో నిలబెట్టి మా డిపార్ట్‌మెంటు గదిలో ఉంచాం. రోజూ నీళ్ళు చిలకరించే పని మా అటెండరమ్మ తీసుకుంది. "సార్, ఇన్నేండ్లల్ల మీ గదిల ఏదన్న మొలుస్తుందని నేననుకోలే" అంది మొదటి రోజే. నేను అభ్యంతరం చెప్పలేదు. సాక్ష్యాలు ఆమె వైపే ఉన్నాయి.

ఏడు రోజులు గడిచాయి. మళ్ళీ సోమవారం. గద్వాలకు ఎన్నడు వచ్చినా సంతకూ దవాఖానకూ తప్ప పోని ఆ తల్లి ఆ రోజు కూతురితో కలిసి కాలేజీకి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. తలుపు దగ్గరే, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది.

బోర్డు అడుగున ఎడమ నుంచి కుడికి యాభై ఐదు నుంచి వంద దాకా అంకెలు వేశాను. ఎవరి గుడ్డ వాళ్ళు విప్పి, తెల్లని వేరు కొంకిలా బయటికి వచ్చిన గింజలను లెక్కపెట్టి, తమ అంకె మీద ఒక ఇంటూ గుర్తు పెట్టాలి. అదే అంకెకు ఇంకొకరు వస్తే ముందరి గుర్తు నెత్తిన పెట్టాలి.

మొదటి పిల్లవాడు డెబ్బై ఒకటి. రెండో అమ్మాయి అరవై నాలుగు. ఒకరికి డెబ్బై ఎనిమిది వస్తే చప్పట్లు పడ్డాయి. తర్వాతివాడికి యాభై తొమ్మిది. "నా గింజలు బద్ధకమైనవి సార్" అన్నాడు. "నువ్వు తీసినవే కదరా, నీ పోలికే" అని వెనుక నుంచి ఎవరో అన్నారు. పది గుర్తులు పడేదాకా బోర్డు మీద ఏ రూపమూ లేదు. పిచుకలు కూర్చున్న తీగలా అక్కడొకటి ఇక్కడొకటి. ఇరవై దాటాక నడుమ కాస్త గుమిగూడటం మొదలైంది. అరవై తొమ్మిది మీద నాలుగు, డెబ్బై మీద నాలుగు, అరవై ఎనిమిది మీద మూడు. ముప్పై దాటేసరికి క్లాసులో అల్లరి తగ్గింది. ఎందుకు తగ్గిందో ఎవరినీ అడగలేదు, నాకు తెలుసు. బోర్డు మీద ఒక గుట్ట లేస్తోంది.

పుస్తకంలో ఆ గుట్ట బొమ్మను కొన్ని వందల సార్లు గీసి ఉంటాను. చెయ్యి ఒక్క ఊపులో ఎక్కి దిగుతుంది, పిల్లలు గంట అంటారు, నేను గంట కోసం చూస్తాను. కానీ అది ఎవరూ గీయకుండా దానంతటదే లేవడం ఎన్నడూ చూడలేదు. నలభై రెండు మంది. ఎవరి చెంబు వాళ్ళది, ఎవరి గుడ్డ వాళ్ళది, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అయినా ఎవరో లోపలి నుంచి ఒక్కొక్కరి చెవిలో చెప్పినట్టు, నడుమ ఎత్తుగా, రెండు వైపులా వాలుగా, అంచుల్లో ఒంటరిగా ఒకటీ అరా. యాభై తొమ్మిది వచ్చినవాడి అదృష్టలేమీ, డెబ్బై ఎనిమిది వచ్చినవాడి అదృష్టమూ, రెండూ ఆ వాలులో తమ తమ చోట్ల ఒదిగి కూర్చున్నాయి. ఎవరి చేతిలోనూ నిజం లేదు. అందరి చేతుల్లోంచీ వచ్చి నడుమ నిలబడింది.

తలుపు దగ్గరి నుంచి మాట వినిపించింది. "సారూ, గా కుప్ప ఎవరేసిన్రు?"

"ఎవరూ వెయ్యలేదక్కా. మీ గింజలే వేసుకున్నయి."

ఆమె ఒకడుగు లోపలికి వచ్చింది. తర్వాత ఇంకో అడుగు. బోర్డు దాకా వచ్చి ఆ గుట్టను ఇంట్లో కుప్పను చూసినట్టే చూసింది. "గీడ, కొసకు, తొంభై ఆరు కాడ ఒక్కటి గూడ లేదు" అంది.

"లేదు."

"నడిమిట్ల ఎంత?"

"అరవై తొమ్మిది."

నేను డెబ్బై ఐదు దగ్గర నిలువుగా ఒక గీత గీశాను. "కంపెనీ వాళ్ళు తీసే వంద గూడ ఈ గుట్ట మీద ఎక్కడో ఒకచోట పడే ఇంటూ గుర్తే అక్కా. గీత మీదా, దానికి కుడి దిక్కూ పడితే పాస్." ఆమె వేలితో లెక్కపెట్టింది. అయిదు. మిగిలిన ముప్పై ఏడు ఎడమ దిక్కు.

"నలభై రెండు సార్లు తీస్తే అయిదు సార్లు బతుకుత. నాకు ఒక్క సారే ఉన్నది."

సంభావ్యత అన్న అధ్యాయానికి నేను పద్దెనిమిది క్లాసులు తీసుకుంటాను. ఆమె నిలబడి, రెండు వాక్యాల్లో తేల్చేసింది.

అప్పుడే మూడో బెంచీ పిల్లవాడు లేచాడు. "సార్, గింత పరేషాన్ ఎందుకు? శాంపిల్ కు వచ్చేటాయిన ఎప్పుడైన కవరు మనకే ఇచ్చి నింపమంటడు. పెద్దమ్మనే తీసి నింపమంటే సరి. తొంభై ఆరు గ్యారంటీ."

క్లాసు ఘొల్లుమంది. నవ్వు ఆగాక ఆ మాట మాత్రం గదిలో ఉండిపోయింది. అబద్ధం ఆడక్కరలేదు. ఏమీ దాచక్కరలేదు. ఆమె మామూలుగా, అలవాటుగా, కుప్పలో చెయ్యి పెట్టి కవరు నింపితే చాలు. ఏడాది కష్టం నిలబడుతుంది. అందరూ నా వైపు చూశారు. దీనికి జవాబు నా పుస్తకంలో పెద్ద అక్షరాల్లోనూ లేదు, చిన్న అక్షరాల్లోనూ లేదు. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం నాకూ ఆ దారి బాగానే కనిపించింది.

ఆమె బోర్డు వైపే చూస్తూ అంది. "మా అన్న కల్వకుర్తి దిక్కు పత్తి పెడ్తడు. పోయినేడు ప్యాకెట్లు తెచ్చి పెడితే సాళ్ళల్ల పండ్లూడినట్ల సందులు. మల్ల పెడదమంటె పదును పాయె. వాన ఎవరి కోసం ఆగుతది?" తొంభై ఆరు అంకె మీద వేలు పెట్టి, "గా గింజలు నా అసుంటామెనే ఎవరో మంచి చెయ్యేసి ఇచ్చిందేమో" అంది.

తర్వాత కూతురి వైపు తిరిగింది. "ఫోన్ చెయ్యి బిడ్డా. గురువారం రావొద్దని చెప్పు. ఏరుదం."

కూతురు అక్కడే ఫోన్ చేసింది. అవతలి మనిషి గొంతు బయటికి వినిపిస్తూనే ఉంది. "గింజలెత్తే కంపెనీ లారీ పోతదమ్మా. ఇంకోటి ఉంటే ఉంటది, లేకుంటే లేదు. మల్ల నా జిమ్మేదారి కాదు." తల్లి ఫోన్ తీసుకుని, "పోతే పోనీ సారూ, గింజలు మావి గద, మేం పరేషాన్ అయితం లే" అని పెట్టేసింది. పెట్టేశాక ఆ చేత్తోనే కొంగు నడుముకు దోపుకుంది. మంచి గింజకు, చెడ్డ గింజకు తేడా తెలిసిన ఆ చేతికి ఇంకో లారీ వస్తుందో రాదో తెలియదు.

ఆ వాడలో ఏడుగురు ఆడవాళ్ళు బదులుకు వచ్చారు. ఇవాళ వీళ్ళింట్లో పని చేస్తే, రేపు వాళ్ళింట్లో పనికి ఈమె పోతుంది, కూలి మాట ఉండదు. కుప్ప చుట్టూ కూర్చుని, పాటలు, పోట్లాటలు, ఎవరి కోడలు ఏమన్నదో ఆ ముచ్చట్లు. వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. ఆదివారం నేనూ పోయి కూర్చున్నాను. అరగంట చూశాక పక్కన కూర్చున్న ముసలమ్మ నా ముందరి చేటను తన వైపు లాక్కుంది. "సారూ, నువ్వు ఏరకు నాయినా. నువ్వు ఏరినయి మల్ల ఏరాల్సొస్తుంది." పక్కకు జరిగి చూస్తూ కూర్చున్నాను. వృథా గింజల కుప్ప పెరుగుతూ పోయింది. నూటికి ముప్పై దాకా తాలని బోర్డు చెప్పింది కదా, అంత కుప్పా కళ్ళ ముందర లేస్తుంటే ఆమె మొహం చూడటం కష్టమైంది. అదంతా ఆమె ముట్టుకున్న పువ్వే.

ఆ ఫోన్ చేసిన పదమూడో రోజు ఇంకో లారీ ఉందని కబురొచ్చింది. శాంపిల్ తీసే మనిషి వచ్చి, అలవాటుగా ఖాళీ కవరు ఆమెకు చాపాడు. "నింపక్కా."

ఆమె రెండు చేతులూ కొంగు లోపలికి పెట్టుకుంది. "నేను తియ్య. సారు తీస్తడు."

"సారుకు గింజ తెలుసా?"

"తెల్వదు. అందుకే."

అంతకు మించిన యోగ్యతాపత్రం నాకు ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేదు. కుప్పను పారతో తిరగేశాను. చెంబు ముంచాను. పరిచి, నాలుగు చేసి, రెండు తీసేసి, మళ్ళీ పరిచాను. ఆ మనిషి గోడకానుకుని చిత్రంగా చూస్తున్నాడు. కవరు నిండింది. అతను ముద్ర వేసి తీసుకుపోయాడు. ఆ రోజు బస్సులో నాకు సీటు దొరికింది. దొరికిందని దిగాక గాని గమనించలేదు.

పది రోజుల తర్వాత ఫోనొచ్చింది. ఎనభై ఆరు. అంత కుప్పలో కొంత తాలు ఆ వేళ్ళనూ తప్పించుకుంది, అయినా పాస్. ఆ సాయంత్రం వాళ్ళింటికి పోయేసరికి లారీకి ఎక్కించడానికి సంచులు నింపి వరుసగా నిలబెట్టారు. తల్లి చేతిలో దబ్బనం, పురికొస. మూతి కుట్టడానికి మొదటి సంచి ముందర కూర్చుని ఉంది, కానీ కుట్టడం లేదు.

"సారూ, ఒక మాట. ఎనభై ఆరు వచ్చింది గద. ఇంకో వంద తీస్తే మల్ల గదే వస్తదా?"

"రాదక్కా. అటో ఇటో పోతది."

"ఎంత అటు? ఎంత ఇటు?"

పదకొండేళ్ళలో నా క్లాసులో ఎవరూ అడగని ప్రశ్న అది. అడగకముందే నేను సూత్రం రాసేసేవాణ్ణి కనుక, అడిగే అవసరం ఎవరికీ రాలేదు. ఆమెకు వచ్చింది. ఆమెకు మార్కులు అక్కరలేదు, ఎవరి చేలోనో సాలు సందు పడకుండా ఉంటుందా అన్నది కావాలి. నేను సంచి పక్కన కింద కూర్చున్నాను. జేబులోని బస్సు టికెట్టు వెనుక లెక్క వేశాను. కూతురు నా భుజం మీదుగా చూసి, నాకంటే ముందే చెప్పింది. "మూడున్నర దాకా అమ్మా. మహా అంటే దానికి రెండింతలు. ఏడు."

తల్లి పెదవులు కదిలించి ఎనభై ఆరులోంచి ఏడు తీసింది.

"డెబ్బై తొమ్మిది. అయితే ఎవరు తీసినా గీత దిగదు" అంది. దబ్బనానికి పురికొస ఎక్కించి, మొదటి సంచి మూతి కుట్టడం మొదలుపెట్టింది.